భాగం 14: యుద్ధ నేరాలు, యుద్ధ న్యాయం - మాజీ సైనికుల దృష్టికోణం

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- యుద్ధ న్యాయం ఎలా రూపొందిందో వివరించగలరు.
- యుద్ధ న్యాయంలోని నాలుగు ప్రధాన సూత్రాలను గుర్తించగలరు.
- మై లాయ్ ఘటన ఆధారంగా ‘పై అధికారి ఆజ్ఞ’, ‘అధికారి బాధ్యత’ అనే రెండు భావనలను చర్చించగలరు.
- యుద్ధ నేరాలను అర్థం చేసుకోవడంలో మాజీ సైనికుల సాక్ష్యానికి ఉన్న విలువను, పరిమితులను అంచనా వేయగలరు.

14.1 ఉపోద్ఘాతం

కిందటి భాగంలో అంతర్జాతీయ న్యాయానికి ఆధారాలైన ఒడంబడికలను, ఆచారాలను గురించి తెలుసుకున్నారు. ఆ న్యాయం అన్నిటికంటె కఠినమైన పరీక్షకు గురయ్యేది యుద్ధరంగంలో. అందువల్ల ఈ భాగంలో యుద్ధ న్యాయాన్ని న్యాయమూర్తి పీఠం నుంచి కాక, తుపాకి పట్టుకొని నిలబడిన మనిషి వైపు నుంచి పరిశీలిద్దాం.

యుద్ధ నేరాల ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: ‘యుద్ధమంటే అంతే. అక్కడ లేనివాళ్లు దాన్ని గురించి తీర్పు చెప్పలేరు’. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. భయం, అలసట, కళ్లముందే చనిపోయిన తోటి సైనికుడు - వీటిని అనుభవించని వారికి వాటి బరువు పూర్తిగా తెలియదు. కాని ఈ మాటకు ఒక సమాధానం కూడా ఉంది. యుద్ధంలో దేనికీ హద్దు లేదనే వాదాన్ని గట్టిగా ఖండించిన వారిలో చాలామంది అక్కడ ఉన్నవారే, అంటే సైనికులే. వారు ఏమి చూశారు, ఏమి చేశారు, ఎందుకు నోరు విప్పారు అన్నదే ఈ భాగంలోని ముఖ్య విషయం. ఇందుకు 1968లో వియత్నాంలో జరిగిన మై లాయ్ ఘటనను ఉదాహరణగా తీసుకుంటున్నాం.

14.2 యుద్ధ న్యాయం - పుట్టుక, వికాసం

యుద్ధానికి కూడా నియమాలు ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. భారత యుద్ధం మొదలయ్యే ముందు ఉభయ పక్షాలూ కొన్ని నియమాలకు ఒప్పుకున్నట్లు భీష్మపర్వం చెబుతుంది. ఆయుధం లేనివాణ్ణి, పారిపోతున్నవాణ్ణి కొట్టరాదన్నది వాటిలో ఒకటి. యుద్ధం చివరకు వచ్చేసరికి ఆ నియమాలు ఏమయ్యాయో సౌప్తికపర్వంలో చూస్తాం. తండ్రిని అధర్మంగా చంపారన్న కోపంతో అశ్వత్థామ రాత్రివేళ నిద్రిస్తున్న వారిని సంహరించాడు. ‘వాళ్లు నియమం తప్పారు కాబట్టి నేనూ తప్పుతాను’ అన్నది అతడి వాదం. ఈ వాదాన్ని గుర్తుపెట్టుకోండి. ఆధునిక యుద్ధ న్యాయం సూటిగా తిరస్కరించేది దీన్నే.

ఆధునిక కాలంలో యుద్ధ నియమాలను మొదట ఒక క్రమమైన స్మృతిగా రాసిన వ్యక్తి స్వయంగా మాజీ సైనికుడు కావడం గమనించదగిన విషయం. ఫ్రాన్సిస్ లైబర్ జర్మనీలో పుట్టాడు. యువకుడిగా ప్రష్యా సైన్యంలో చేరి, 1815లో నెపోలియన్‌పై జరిగిన పోరాటంలో తీవ్రంగా గాయపడ్డాడు. తరవాత అమెరికాలో స్థిరపడి అధ్యాపకుడయ్యాడు. అమెరికా అంతర్యుద్ధంలో అతడి కుమారులు రెండు వైపులా పోరాడారు. ఒకరు దక్షిణాది పక్షాన మరణించారు. ఉత్తరాది పక్షాన పోరాడిన మరొకరు చేయి కోల్పోయారు. అటువంటి తండ్రి రాసిన 157 నిబంధనల స్మృతిని అధ్యక్షుడు లింకన్ ప్రభుత్వం 1863 ఏప్రిల్‌లో సైన్యానికి ఉత్తర్వుగా జారీ చేసింది. దీన్నే ‘లైబర్ స్మృతి’ అంటారు.

ఇతర ముఖ్య ఘట్టాలు ఇవి:
- 1859లో సోల్ఫెరినో యుద్ధరంగంలో దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూసి హెన్రీ డ్యునాంట్ చలించిపోయాడు. అతడి కృషి ఫలితంగా రెడ్‌క్రాస్ ఉద్యమం, 1864లో మొదటి జెనీవా ఒడంబడిక ఏర్పడ్డాయి.
- 1899, 1907 హేగ్ సమావేశాలు యుద్ధంలో వాడే ఆయుధాలపైన, పద్ధతులపైన పరిమితులు విధించాయి.
- 1945లో ఏర్పడిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం యుద్ధ నేరాలకు వ్యక్తులే బాధ్యులని ప్రకటించింది. నేరాలు చేసేది మనుషులే గాని ‘రాజ్యం’ అనే కంటికి కనిపించని వస్తువు కాదన్నది దాని వాదం.
- 1949 ఆగస్టు 12న నాలుగు జెనీవా ఒడంబడికలు కుదిరాయి. ఇవి వరసగా భూతల యుద్ధంలో గాయపడినవారికి, సముద్ర యుద్ధంలో గాయపడినవారికి, యుద్ధ ఖైదీలకు, పౌరులకు రక్షణ కల్పిస్తాయి. 1977లో వీటికి రెండు అదనపు ప్రోటోకాల్స్ చేరాయి.
- 1998లో ఆమోదించిన రోమ్ శాసనం 2002 జులై 1న అమలులోకి వచ్చి, అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైంది.

1949 ఒడంబడికల మొదటి అధికరణం ప్రకారం, ఒప్పుకున్న రాజ్యాలు ‘అన్ని పరిస్థితులలోనూ’ వాటిని పాటించాలి. అంటే శత్రువు పాటించలేదన్నది మనం పాటించకపోవడానికి సాకు కాదు. అశ్వత్థామ వాదానికి ఇక్కడ చోటు లేదు.

14.3 యుద్ధ న్యాయంలోని ప్రధాన సూత్రాలు

ముందుగా ఒక తేడాను గమనించాలి. ఒక దేశం యుద్ధానికి దిగడం న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న. దిగిన తరవాత సైనికులు ఎలా ప్రవర్తించాలన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పవలసింది ప్రభుత్వాలు. రెండోదానికి ప్రతి సైనికుడూ జవాబుదారీ. న్యాయమైన యుద్ధంలో పోరాడేవాడు కూడా యుద్ధ నేరం చేయవచ్చు. అన్యాయమైన యుద్ధంలోకి పంపిన సైనికుడు కూడా నియమబద్ధంగా ప్రవర్తించవచ్చు. ఈ భాగంలో మనం చర్చించేది రెండో ప్రశ్నను.

ఈ రెండో న్యాయానికి నాలుగు సూత్రాలు ఆధారం:

1) విభేద సూత్రం: పోరాడేవారికీ పోరాడనివారికీ మధ్య తేడా ఎప్పుడూ పాటించాలి. పౌరులపై గురిపెట్టి దాడి చేయరాదు.

2) అనుపాత సూత్రం: సైనిక లక్ష్యంపై దాడి చేసినప్పుడు పౌరులకు జరగగల నష్టం, ఆశించే సైనిక ప్రయోజనం కంటె మితిమీరి ఉండరాదు.

3) సైనిక ఆవశ్యకత: శత్రువును లొంగదీయడానికి అవసరమైన, న్యాయం అనుమతించిన బలాన్నే వాడాలి. ఈ సూత్రం నిషేధాలకు మినహాయింపు కాదు.

4) మానవత: అనవసరమైన బాధ కలిగించరాదు. లొంగిపోయినవారు, గాయపడి పోరాడలేనివారు రక్షణకు అర్హులు.

వీటిని తీవ్రంగా ఉల్లంఘించడమే యుద్ధ నేరం. పౌరులను, యుద్ధ ఖైదీలను బుద్ధిపూర్వకంగా చంపడం, చిత్రహింసలు పెట్టడం, బందీలుగా పట్టుకోవడం ఇందుకు ఉదాహరణలు. అయితే పౌరుడు మరణించిన ప్రతి సందర్భమూ యుద్ధ నేరం కాదు. సైనిక లక్ష్యంపై జాగ్రత్తలు తీసుకొని చేసిన దాడిలో పౌరులు మరణిస్తే అది విషాదమే గాని దానంతటదే నేరం కాకపోవచ్చు. గురి ఎవరిపై పెట్టారు, ఏమి తెలిసి పెట్టారు అన్నవి నిర్ణాయకమైన అంశాలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
సూచన: మీ సమాధానాలను నోటుపుస్తకంలో రాసి, 14.11లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1) లైబర్ స్మృతి ఏ సంవత్సరంలో జారీ అయింది?
2) 1949 నాటి నాలుగో జెనీవా ఒడంబడిక ఎవరికి రక్షణ కల్పిస్తుంది?
3) శత్రువు నియమం తప్పితే మన పక్షానికి యుద్ధ న్యాయం వర్తించదు. (ఒప్పు / తప్పు)

14.4 మై లాయ్: 1968 మార్చి 16

14.4.1 నేపథ్యం

అమెరికా సైన్యంలోని ‘చార్లీ కంపెనీ’ 1967 డిసెంబరులో వియత్నాం చేరింది. 1968 మార్చి మధ్యకు వచ్చేసరికి ఆ కంపెనీ శత్రువుతో ముఖాముఖి పోరాటం పెద్దగా చేయకుండానే మందుపాతరలకు, దాచిపెట్టిన ఉచ్చులకు మనుషులను కోల్పోయింది. దాడికి రెండు రోజుల ముందే వారి సార్జెంటు ఒకరు అటువంటి ఉచ్చుకు బలయ్యాడు. శత్రువు కనిపించడు, ప్రాణాలు మాత్రం పోతుంటాయి. గ్రామస్థులలో ఎవరు ఎవరి పక్షమో తెలియదు. ఆ సైనికుల భయానికి, కోపానికి కారణాలు నిజమైనవే.

క్వాంగ్ న్గాయ్ రాష్ట్రంలోని సోన్ మీ గ్రామంలో వియత్‌కాంగ్ దళం ఒకటి ఉందని, ఉదయం 7 గంటలకల్లా పౌరులు సంతకు వెళ్లిపోతారని అధికారులు సైనికులకు చెప్పారు. ఈ రెండు సమాచారాలూ తప్పే.

14.4.2 ఘటన

మార్చి 16 ఉదయం ఏడున్నర ప్రాంతంలో హెలికాప్టర్లు సైనికులను దింపాయి. వారిపై ఎవరూ కాల్పులు జరపలేదు. ఊళ్లో ఉన్నది వృద్ధులు, స్త్రీలు, పిల్లలు. కొందరు పొద్దుటి వంట ప్రయత్నంలో ఉన్నారు. తరవాతి కొన్ని గంటల్లో సైనికులు వారిని ఇళ్లలోనూ, దారుల్లోనూ, ఒక సాగునీటి కాలవ దగ్గర గుంపుగా నిలబెట్టి కూడా చంపారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. వియత్నాంలోని స్మారక చిహ్నంపై 504 మంది పేర్లున్నాయి. అమెరికా సైన్యం జరిపిన దర్యాప్తు ఈ సంఖ్యను 347గా లెక్కించింది.

ఆ రోజు సైన్యం ఇచ్చిన నివేదిక మాత్రం 128 మంది శత్రు సైనికులు మరణించారని, 3 తుపాకులు దొరికాయని చెప్పింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 128 మంది సాయుధుల దగ్గర మూడే తుపాకులు ఎలా దొరుకుతాయి? నివేదిక అందుకున్న పై అధికారులు ఎవరైనా ఈ ప్రశ్న వేసి ఉండవలసింది. ఆ పక్షాన గాయపడినది ఒక్క సైనికుడే, అదీ తన తుపాకి గుండు తన పాదానికే తగలడం వల్ల.

చార్లీ కంపెనీలో అందరూ కాల్పులు జరపలేదు. హ్యారీ స్టాన్లీ, రాబర్ట్ మేపుల్స్ వంటి కొందరు ఆజ్ఞ ఇచ్చినా కాల్చడానికి నిరాకరించారు. అదే భయం, అదే కోపం వారికీ ఉన్నాయి. అందువల్ల పరిస్థితులు నేరాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి గాని, దాన్ని తప్పనిసరి చేయవని తెలుస్తుంది.

14.4.3 హ్యూ థాంప్సన్ జోక్యం

వారంట్ అధికారి హ్యూ థాంప్సన్ ఆ ఉదయం చిన్న పరిశీలక హెలికాప్టర్ నడుపుతున్నాడు. అతడితో గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్‌బర్న్ అనే ఇద్దరు సైనికులున్నారు. శత్రువు ఎక్కడ ఉన్నాడో గాలిలోంచి కనిపెట్టడం వారి పని. వారికి శత్రువు కనిపించలేదు, శవాలు కనిపించాయి. గాయపడిన పౌరులున్న చోట్లను వైద్య సహాయం కోసం పొగ గుర్తులతో చూపించారు. తిరిగి వచ్చి చూసేసరికి ఆ గాయపడినవారు కూడా చనిపోయి ఉన్నారు.

థాంప్సన్ కాలవ దగ్గర దిగి అక్కడి సైనికులతోను, లెఫ్టినెంట్ విలియం క్యాలీతోను మాట్లాడాడు. ఫలితం లేకపోయింది. మళ్లీ పైకి లేచిన తరవాత, ఒక బంకరు వైపు పరిగెడుతున్న కొందరు పౌరులు, వారి వెనక వస్తున్న అమెరికన్ సైనికులు కనిపించారు. థాంప్సన్ హెలికాప్టర్‌ను వారిద్దరి మధ్య దింపాడు. సైనికులు ఆ పౌరులపై కాల్పులు జరిపితే తిరిగి వారిపైనే కాల్చవలసిందిగా తన ఇద్దరు సహచరులకు చెప్పి, తాను నడిచి వెళ్లి ఆ పౌరులను బయటికి పిలిచాడు. వారు పది మంది వరకు ఉన్నారు. తన చిన్న హెలికాప్టర్‌లో వారికి చోటు లేదు. తోటి పైలట్లను రేడియోలో పిలిచి వారి హెలికాప్టర్లలో తరలించాడు. ఆ తరవాత ఆండ్రియోటా కాలవలోని శవాల మధ్యకు దిగి, ప్రాణంతో ఉన్న ఒక పిల్లవాణ్ణి బయటికి తెచ్చాడు. ఆ పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేర్చారు.

స్థావరానికి తిరిగి వెళ్లిన థాంప్సన్ చూసినదంతా పై అధికారులకు చెప్పాడు. ఆ సమాచారం అందిన తరవాతే కాల్పులు ఆపమన్న ఆదేశం వెళ్లింది. న్యాయం ఆ రోజు పుస్తకంలో లేదు, ఒక పైలట్ నిర్ణయంలో ఉంది.

14.5 నిజం బయటికి వచ్చిన తీరు

ఘటనను కప్పిపుచ్చే ప్రయత్నం ఏడాదికి పైగా సాగింది. థాంప్సన్ ఫిర్యాదుపై బ్రిగేడు స్థాయిలో జరిగిన విచారణ నామమాత్రంగా ముగిసింది. దాన్ని కదిలించినవాడు మరో సైనికుడు. రొనాల్డ్ రైడెన్‌హవర్ ఆ రోజు మై లాయ్‌లో లేడు. అయితే అక్కడ ఉన్న తన స్నేహితుల నోట ఆ సంగతి విన్నాడు. ఒకరి మాటనే నమ్మకుండా, ఒక్కొక్కరినే కలిసి, చెప్పినవి ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూసుకున్నాడు. సైన్యం నుంచి విడుదలై ఇంటికి వెళ్లాక, 1969 మార్చిలో అధ్యక్షుడికి, రక్షణశాఖకు, కాంగ్రెస్ సభ్యులకు సుమారు 30 లేఖలు పంపాడు. తాను విన్నదేదో, తనకు తెలిసినదేదో వేరుచేసి చెప్పి, దర్యాప్తు జరపమని కోరాడు.

ఆ లేఖ ఫలితంగా సైన్యం దర్యాప్తు మొదలుపెట్టింది. 1969 సెప్టెంబరులో క్యాలీపై హత్యారోపణ నమోదైంది. నవంబరులో విలేకరి సేమూర్ హెర్ష్ కథనాలు వెలువడ్డాయి. సైన్యపు ఫొటోగ్రాఫరుగా ఆ రోజు అక్కడే ఉన్న రొనాల్డ్ హేబర్లే తీసిన చిత్రాలను ఒక పత్రిక ప్రచురించింది. లెఫ్టినెంట్ జనరల్ విలియం పీర్స్ నాయకత్వంలో సైన్యం మరో విచారణ జరిపింది. సుమారు 400 మంది సాక్షులను విచారించిన ఆ సంఘం, హత్యాకాండ జరిగిందని, పలు స్థాయిలలోని అధికారులు దాన్ని కప్పిపుచ్చారని 1970 మార్చిలో తేల్చింది. జెనీవా, హేగ్ నియమాలపై సైనికులకు ఇచ్చిన శిక్షణ చాలలేదని కూడా చెప్పింది. సైనికుల జేబుల్లో నియమాలు అచ్చువేసిన కార్డులున్నాయి. ఆ నియమాలు వారి మనసులకు ఎక్కలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
4) మై లాయ్ ఘటనపై సైన్యం తొలి నివేదికలో కనిపించే వైరుధ్యం ఏమిటి?
5) రైడెన్‌హవర్ తన లేఖ రాయడానికి ముందు తీసుకున్న జాగ్రత్త ఏమిటి?

14.6 న్యాయస్థానం ముందు రెండు ప్రశ్నలు

14.6.1 ‘ఆజ్ఞ ప్రకారమే చేశాను’

క్యాలీ ప్రధాన వాదం ఇది: తన పై అధికారి కెప్టెన్ ఎర్నెస్ట్ మెడీనా ఆజ్ఞనే తాను పాటించాడు. పౌరులను చంపమని తాను చెప్పలేదని మెడీనా సాక్ష్యమిచ్చాడు. అయితే న్యాయం దృష్టిలో ఆజ్ఞ ఉందా లేదా అన్న ప్రశ్నతో విషయం ముగియదు. ఆ ఆజ్ఞ న్యాయవిరుద్ధమని మామూలు తెలివి ఉన్న మనిషికి తెలిసి ఉంటే, దాన్ని పాటించడం రక్షణ కాదు. ఎదురు తిరగని స్త్రీలను, పసిపిల్లలను కాలవలో నిలబెట్టి కాల్చమనడం అటువంటి ఆజ్ఞే.

ఈ నియమం మై లాయ్ కోసం పుట్టింది కాదు. 1921లో జర్మనీలోని లైప్‌జిగ్ న్యాయస్థానం, మునిగిన ఆసుపత్రి ఓడ నుంచి పడవలలో తప్పించుకుంటున్న వారిపై కాల్పులు జరిపిన నౌకాధికారుల ఆజ్ఞ వాదాన్ని తిరస్కరించింది. న్యూరెంబర్గ్ శాసనంలోని 8వ అధికరణం ప్రకారం ఆజ్ఞ బాధ్యతను తొలగించదు, శిక్షను తగ్గించడానికి మాత్రం పరిగణించవచ్చు. రోమ్ శాసనంలోని 33వ అధికరణం కూడా స్పష్టంగా న్యాయవిరుద్ధమైన ఆజ్ఞను రక్షణగా అంగీకరించదు.

1971 మార్చి 29న సైనిక న్యాయస్థానం, కనీసం 22 మందిని హత్య చేసినట్లు నిర్ధారించి, క్యాలీని దోషిగా ప్రకటించింది. జీవిత ఖైదు విధించింది. ఇక్కడ ఆరోపణ ‘యుద్ధ నేరం’ పేరుతో కాక, సైనిక శిక్షాస్మృతి కింద ‘హత్య’గా నమోదైందని గమనించండి. తమ సొంత సైనికులను విచారించేటప్పుడు అమెరికా అనుసరించే పద్ధతి ఇది.

14.6.2 అధికారి బాధ్యత

రెండో ప్రశ్న: కింది సైనికులు చేసిన నేరానికి పై అధికారి ఎంతవరకు బాధ్యుడు? 1945-46లో అమెరికా సైనిక సంఘం జపాన్ జనరల్ యమషితాను, తన బలగాలు ఫిలిప్పీన్స్‌లో చేసిన అకృత్యాలను అదుపు చేయనందుకు దోషిగా నిర్ణయించింది. అతడికి మరణశిక్ష అమలైంది. ఆ అకృత్యాలు అతడికి తెలుసా లేదా అన్న వివాదం నేటికీ ఉంది.

మెడీనా విచారణలో మాత్రం, నేరం జరుగుతున్నట్లు అతడికి వాస్తవంగా తెలిసి ఉండాలన్న ప్రమాణాన్ని న్యాయమూర్తి వర్తింపజేశాడు. 1971 సెప్టెంబరులో మెడీనా నిర్దోషిగా విడుదలయ్యాడు. కప్పిపుచ్చిన ఆరోపణపై విచారణకు వచ్చిన కర్నల్ ఓరన్ హెండర్సన్ కూడా అదే ఏడాది డిసెంబరులో నిర్దోషి అయ్యాడు. ఓడిన శత్రువు సేనానికి ఒక కొలత, సొంత కెప్టెన్‌కు మరో కొలతా అన్న విమర్శ ఇక్కడినుంచే వచ్చింది. నేడు రోమ్ శాసనంలోని 28వ అధికరణం, తెలిసిన అధికారితోపాటు, ‘తెలుసుకొని ఉండవలసిన’ సైనికాధికారిని కూడా బాధ్యుణ్ణి చేస్తుంది.

14.6.3 న్యాయం ఎంతవరకు జరిగింది?

ఈ ఘటనలో శిక్ష పడింది ఒక్క క్యాలీకే. అధ్యక్షుడు నిక్సన్ అతణ్ణి సైనిక కారాగారం నుంచి గృహ నిర్బంధానికి మార్పించాడు. జీవిత ఖైదు మొదట 20 ఏళ్లకు, తరవాత 10 ఏళ్లకు తగ్గింది. 1974లో అతడు విడుదలయ్యాడు. సైన్యం విడిచిపెట్టిన వారిపై చర్య తీసుకోవడం కష్టమైంది. సైన్యం నుంచి విడుదలైన వ్యక్తిని కోర్టు మార్షల్ చేయరాదని 1955లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి ఉండడమే ఇందుకు కారణం. యుద్ధ నేరాలను పౌర న్యాయస్థానాలు విచారించడానికి వీలు కల్పించే ప్రత్యేక చట్టాన్ని అమెరికా 1996లో గాని చేయలేదు.

14.7 మాజీ సైనికుల దృష్టికోణం

పై చర్చ నుంచి మాజీ సైనికుల అనుభవం మనకు నేర్పే అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

అ) సైనికుడికీ హంతకుడికీ ఉన్న తేడా యుద్ధ న్యాయమే. మామూలుగా మనిషిని చంపడం నేరం. యుద్ధంలో సైనికుడికి ఆ నేరం అంటకపోవడానికి కారణం న్యాయం అతడికి ఇచ్చిన అనుమతి. ఆ అనుమతి పోరాడుతున్న శత్రువు వరకే. హద్దు దాటిన క్షణంలో అనుమతి పోతుంది. కాబట్టి యుద్ధ న్యాయాన్ని సమర్థించే సైనికుడు తన వృత్తి గౌరవాన్నే కాపాడుకుంటున్నాడు. క్యాలీకి శిక్ష పడినప్పుడు శ్వేతసౌధానికి అతడి పక్షాన వేలకొద్దీ టెలిగ్రాములు వచ్చాయి. అతణ్ణి దోషిగా తేల్చిన ఆరుగురు సైనికాధికారులలో ఐదుగురు స్వయంగా వియత్నాంలో పనిచేసి వచ్చినవారు. యుద్ధాన్ని చూసినవారికి ‘యుద్ధమంటే అంతే’ అన్న మాట సరిపోలేదు.

ఆ) ఈ న్యాయం సైనికుణ్ణి కూడా కాపాడుతుంది. నేడు బందీని పట్టుకున్నవాడు రేపు తానే బందీ కావచ్చు. గాయపడినవారికి, ఖైదీలకు ఉన్న రక్షణల వల్ల ముందుగా మేలు పొందేది సైనికులే.

ఇ) నిర్ణయం క్షణంలో జరుగుతుంది, సిద్ధపాటు ముందే జరగాలి. కాల్పుల మధ్య నిలబడి ఒడంబడికల అధికరణాలను నెమరువేసుకోవడం సాధ్యం కాదు. ఏ ఆజ్ఞను పాటించకూడదో శిక్షణలోనే, ఉదాహరణలతో నేర్పాలి. మై లాయ్ తరవాత అమెరికా సైన్యం తన శిక్షణలో ఈ ఘటననే పాఠంగా చేర్చింది.

ఈ) నిజం చెప్పినవాడికి వెంటనే గౌరవం దక్కదు. 1970లో కాంగ్రెస్ సంఘం ముందు థాంప్సన్ ఎదుర్కొన్నది ప్రశంసలను కాదు, కఠినమైన ప్రశ్నలను. అతడికి బెదిరింపు లేఖలు వచ్చాయి. ఆండ్రియోటా ఘటన జరిగిన మూడు వారాలకే యుద్ధంలో మరణించాడు. శత్రువుతో పోరాటం లేని సందర్భంలో చూపిన సాహసానికి ఇచ్చే ‘సోల్జర్స్ మెడల్’ ఆ ముగ్గురికీ 1998 మార్చిలో, అంటే 30 ఏళ్ల తరవాత లభించింది. థాంప్సన్ 2006లో మరణించాడు.

ఉ) సాక్ష్యాన్ని కూడా పరీక్షించాలి. 1971లో డెట్రాయిట్‌లో వియత్నాం మాజీ సైనికుల సంఘం ఒకటి ఏర్పాటు చేసిన సభలో వందమందికి పైగా తాము చూసినవి, చేసినవి బహిరంగంగా చెప్పారు. అటువంటి సాక్ష్యాలు అమూల్యమైనవి. అయితే జ్ఞాపకం పొరపాటు పడవచ్చు, అపరాధభావం గాని ఆత్మసమర్థన గాని దాన్ని మార్చవచ్చు. రైడెన్‌హవర్ చేసినట్లు పలువురి మాటలను పోల్చి చూడడం, పీర్స్ సంఘం చేసినట్లు రికార్డులతో, ఫొటోలతో సరిచూడడం అవసరం. మాజీ సైనికుడు చెప్పినంత మాత్రాన ఏదీ నిజం కాదు, సైన్యానికి వ్యతిరేకంగా చెప్పినంత మాత్రాన అబద్ధమూ కాదు.

14.8 భారతదేశం - యుద్ధ న్యాయం

భారతదేశం 1950లో నాలుగు జెనీవా ఒడంబడికలను ధ్రువీకరించింది. వాటిని అమలుపరచడానికి పార్లమెంటు 1960లో జెనీవా ఒడంబడికల చట్టాన్ని చేసింది. రక్షణ పొందే వ్యక్తిని బుద్ధిపూర్వకంగా చంపితే మరణశిక్ష గాని జీవిత ఖైదు గాని, ఇతర తీవ్ర ఉల్లంఘనలకు 14 ఏళ్ల వరకు ఖైదు ఈ చట్టం నిర్దేశిస్తుంది. అయితే ప్రభుత్వ ఫిర్యాదు లేనిదే న్యాయస్థానం ఈ చట్టం కింద కేసు చేపట్టరాదు. 1977 అదనపు ప్రోటోకాల్స్‌లోను, రోమ్ శాసనంలోను భారతదేశం చేరలేదు.

1950 సైనిక చట్టంలోని 41వ సెక్షన్ పై అధికారి ‘న్యాయబద్ధమైన’ ఆజ్ఞను ధిక్కరించడాన్ని నేరంగా పేర్కొంటుంది. ఆ ఒక్క విశేషణంలోనే ఈ భాగంలోని చర్చ అంతా ఇమిడి ఉంది. విధేయత సైనికుడి ధర్మం. దాని హద్దు న్యాయబద్ధత.

1971 యుద్ధం తరవాత సుమారు 93,000 మంది పాకిస్థానీ బందీలు భారతదేశం అధీనంలోకి వచ్చారు. వారికి మూడో, నాలుగో జెనీవా ఒడంబడికలు వర్తించాయి. 1973 ఢిల్లీ ఒప్పందం తరవాత వారిని స్వదేశానికి పంపే కార్యక్రమం మొదలై 1974లో పూర్తయింది. వారిలో 195 మందిపై యుద్ధ నేర విచారణ జరపాలని బంగ్లాదేశ్ మొదట కోరింది. 1974 ఏప్రిల్‌లో మూడు దేశాల ఒప్పందంతో ఆ విచారణ లేకుండానే వారు కూడా తిరిగి వెళ్లారు. శాంతి కోసం న్యాయాన్ని పక్కన పెట్టవచ్చా అన్న ప్రశ్న మన ఉపఖండానికి కూడా చెందినదే.

14.9 సారాంశం

యుద్ధ న్యాయం యుద్ధాన్ని రద్దు చేయదు, దానికి హద్దులు గీస్తుంది. పౌరులను, గాయపడినవారిని, బందీలను రక్షించడం దాని లక్ష్యం. ఆజ్ఞ పాటించానన్న వాదం స్పష్టమైన నేరానికి రక్షణ కాదు. కింది సైనికుల నేరాలను తెలిసీ ఆపని అధికారి కూడా బాధ్యుడే. మై లాయ్ ఘటనలో ఈ న్యాయం చాలావరకు విఫలమైంది: వందల మంది చనిపోగా ఒక్కరికి శిక్ష పడింది, అదీ తగ్గుతూ పోయింది. అయినా అదే ఘటనలో నేరాన్ని ఆపినవారు, బయటపెట్టినవారు, తీర్పు చెప్పినవారు సైనికులే. వార్తాపత్రికలో ఏదైనా యుద్ధ వార్త చదివినప్పుడు ‘యుద్ధమంటే అంతే’ అనుకొనే ముందు, రెండు గుంపుల మధ్య దిగిన ఆ హెలికాప్టర్‌ను మీరు ఒకసారి గుర్తు చేసుకోండి.

14.10 ముఖ్య పదాలు

యుద్ధ నేరం: యుద్ధ న్యాయాన్ని తీవ్రంగా ఉల్లంఘించే చర్య. దీనికి వ్యక్తి బాధ్యత వహించాలి.
కోర్టు మార్షల్: సైనిక చట్టం కింద సైనికులను విచారించే న్యాయస్థానం.
అధికారి బాధ్యత: కింది సైనికుల నేరాలను నివారించని లేదా శిక్షించని పై అధికారికి ఉండే బాధ్యత.
స్పష్టంగా న్యాయవిరుద్ధమైన ఆజ్ఞ: మామూలు తెలివి ఉన్న ఎవరికైనా తప్పని తెలిసే ఆజ్ఞ.

14.11 ‘మీ ప్రగతిని సమీక్షించుకోండి’ - సమాధానాలు

1) 1863.
2) పౌరులకు.
3) తప్పు. ఒడంబడికలను అన్ని పరిస్థితులలోనూ పాటించాలి.
4) 128 మంది శత్రువులు మరణించారని చెబుతూ, 3 తుపాకులే దొరికాయని చెప్పడం.
5) పలువురు సైనికులను వేరువేరుగా కలిసి, వారు చెప్పినవి సరిపోతున్నాయో లేదో పోల్చి చూసుకోవడం.

14.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) మై లాయ్ ఘటన ఆధారంగా ‘పై అధికారి ఆజ్ఞ’ అనే వాదాన్ని పరిశీలించండి.
2) యుద్ధ నేరాలను అర్థం చేసుకోవడంలో మాజీ సైనికుల సాక్ష్యం ఎంతవరకు తోడ్పడుతుంది? చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) యుద్ధ న్యాయంలోని నాలుగు సూత్రాలను వివరించండి.
2) యమషితా, మెడీనా కేసులలో అధికారి బాధ్యతను నిర్ణయించిన తీరును పోల్చండి.
3) 1960 జెనీవా ఒడంబడికల చట్టంలోని ముఖ్యాంశాలను పేర్కొనండి.